తద్గుణం: ఒక చిత్రకారుడు మార్చుకొన్న మేనిచాయ

చాలా యేండ్ల క్రితం, ఇంకా ఉద్యోగంలో ఉన్న రోజులలో, ఒక వేసవి సెలవులలో గ్రంథాలయంలో కూర్చుండి ఐరోపా చిత్రకళను గురించిన పాత పుస్తకమొకటి తిరగవేస్తుండగా నలుపు తెలుపు అచ్చుబొమ్మ ఒకటి కంటబడింది. ప్రక్కప్రక్కన నిలిచిన ఒక పురుషుడు, ఒక స్త్రీ. పురుషుడు నల్లవాడు, దొరల దుస్తులలో ఉన్నాడు. స్త్రీ తెల్లనిది. క్రింద చిత్రకారుని పేరు లాజర్ సెగాల్ అనీ, దేశం బ్రెజిల్ అనీ, ఆ పురుషుడు చిత్రకారుడేననీ వ్రాసి ఉంది. బ్రెజిల్ దేశంలో నల్లజాతివారు విశేషంగా ఉన్నారని భూగోళపాఠంలో చదివినవాణ్ణే గనుక, ఈయన ఒక నల్లజాతి చిత్రకారుడు, తెల్లదొరసానిని పెండ్లాడినవాడు కాబోలునని అనుకొని పుట త్రిప్పివేశాను.

ఉద్యోగ విరమణ అయిన పిమ్మట, కంప్యూటరు మీట నొక్కడం కొంత అలవడిన తరువాత, ఏదో వెదకుతుంటే మరేదో దొరికే ఈ మాయాద్వీపంలో ఆ బొమ్మ మళ్లీ ఎదురైంది. ఈమారు రంగులలో. దాని ప్రక్కనే ఆ చిత్రకారుని ఛాయాచిత్రం. మిత్రులారా, నేను ఆశ్చర్యపోయాను. ఛాయాచిత్రంలోని మనిషి తెల్లనివాడు! లిథువేనియాలో పుట్టిన యూదుడు. బొమ్మలోని మనిషి మాత్రం కాఫీగింజ వన్నెవాడు. అంటే ఈయన పనిగట్టుకొని, తన రంగు తీసివేసి మరొక రంగు పూసుకొన్నాడన్నమాట. ఎందుకు పూసుకొన్నాడన్న ప్రశ్న నన్ను కొన్ని నెలలు వదలలేదు. చదివినంతలో నాకు అర్థమైనది మీతో పంచుకొంటున్నాను. చిత్రకళలో నాకు శిక్షణ లేదు; చదువుకొన్నది భాషాప్రవీణ. కనుక పండితుని చూపుతోనే చూడగలను, మన్నించాలి.

సెగాల్ 1889లో విల్నా నగరంలో పుట్టాడు (పాత పుస్తకాలలో చాలావాటిలో 1891 అని ఉంటుంది, అది పొరపాటు). నేడు విల్నియస్ అని పిలువబడే ఆ ఊరు అప్పుడు రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. యూదుల విద్యకు అంతటి నెలవు మరొకటి లేదని దానికి ‘లిథువేనియా జెరూసలేము’ అని పేరు. సెగాల్ తండ్రి వృత్తి నన్ను ఆకర్షించింది. ఆయన తోరా గ్రంథాన్ని చేతితో ప్రతులు వ్రాసే లేఖకుడు. తోలుపత్రం మీద, ఈకకలంతో, ఒక్క అక్షరం తప్పినా దిద్దేవరకు ఆ పత్రం పనికిరాదనే నియమంతో వ్రాయాలి. మన తాళపత్ర లేఖకులు ‘తప్పులున్న మన్నించుడు’ అని చివర ఒక విన్నపం వ్రాసి ఊపిరి పీల్చుకొనేవారు గాని, ఆ లేఖకులకు ఆ వెసులుబాటు కూడ లేదు. పైగా ఆ మతంలో విగ్రహానికి, ప్రతిమకు నిషేధం. అటువంటి ఇంటి పిల్లవాడు బొమ్మలు గీయడానికి పూనుకొన్నాడు. పదహారు పదిహేడేండ్ల ప్రాయంలో, 1906లో, ఇల్లు విడిచి బెర్లిన్ చేరి అక్కడి రాచకొలువు కళాశాలలో చదువుకొన్నాడు. 1910లో డ్రెస్డెన్‌కు మకాం మార్చాడు.

అతని తోబుట్టువులు కొందరు అప్పటికే బ్రెజిల్ వలస వెళ్లి వ్యాపారాలలో స్థిరపడ్డారు. వారిని చూడడానికి 1912 చివర ఓడ ఎక్కి వెళ్లి, 1913లో సావో పౌలోలోనూ కంపీనాస్‌లోనూ తన చిత్రాలను ప్రదర్శించాడు. బ్రెజిల్‌లో జరిగిన మొదటి ఆధునిక చిత్రప్రదర్శనలలో ఇదొకటని నేడు చరిత్రకారులు వ్రాస్తారు. ఆనాడు పెద్దగా అలజడి ఏమీ రేగలేదు. విదేశీయుడు గదా, వచ్చాడు, నాలుగు బొమ్మలు చూపించాడు, పోయాడు అనుకొన్నారు. నాలుగేండ్ల తరువాత, 1917 డిసెంబరులో, అనితా మల్ఫాత్తి అనే స్వదేశీ యువతి అదే నగరంలో ఇదే ధోరణి చిత్రాలు చూపినప్పుడు మోంతేరు లోబాతో అనే రచయిత పత్రికలో ఆమెను చీల్చిచెండాడాడు. పరాయివాడు చేస్తే వింత, మనమ్మాయి చేస్తే వినాశం! ఇది ఏ దేశంలోనైనా ఒకటే. (ఆమె కథ వేరే వ్రాయదగినంత ఉంది.)

సెగాల్ జర్మనీ తిరిగి వెళ్లాడు. 1914లో యుద్ధం వచ్చింది. రష్యా పౌరుడు కాబట్టి జర్మనీకి అతడు శత్రుదేశీయుడు. డ్రెస్డెన్‌కు సమీపాన మైసెన్ అనే ఊరిలో నిర్బంధంలో ఉంచారు. 1918లో విల్నా వెళ్లి చూస్తే, తాను పుట్టిపెరిగిన పేట యుద్ధంలో నలిగి, ఆకలితో మాడి ఉంది. అక్కడినుండి అతని కుంచె మారింది. 1919లో ఒటో డిక్స్, కొన్రాడ్ ఫెలిక్స్‌మ్యూలర్ మొదలైనవారితో కలిసి డ్రెస్డెన్‌లో ఒక చిత్రకారుల బృందాన్ని స్థాపించాడు. ఎక్స్‌ప్రెషనిజం అన్నది ఈ కాలపు మాట. మనవారు కొందరు భావవ్యక్తీకరణవాదమని తెలిగించారు. ఎంత భారమైన పేరు పెట్టినా సారాంశం ఒక్కటే: కంటికి కనిపించినట్లు గాక, లోపల కలిగిన కలతకు తగినట్లు ఆకారాన్ని వంచడం, రంగును మార్చడం. ఆ యేటనే వేసిన ‘నిత్య పథికులు’ అనే పెద్ద చిత్రంలో శరీరాలకు మించిన తలలు, కోణాలుగా చెక్కినట్లున్న మొగాలు, మొగాన్నంతా మింగివేసే కండ్లు. దారి తప్ప ఇల్లు లేని మనుషులు వారు. అదే 1919లో వేసుకొన్న స్వీయచిత్రం కూడ ఆ తీరుననే ఉంటుంది. ఆ చిత్రంలో సెగాల్ ఆ పథికులలో ఒకడు. విల్నా యూదుడు. అప్పటికింకా తన రంగులోనే ఉన్నాడు.

1923లో జర్మనీలో ద్రవ్యోల్బణం ఎటువంటిదో మీకు తెలిసినదే. రొట్టెకు బస్తాడు నోట్లు మోసుకొని పోయిన కాలం. ఆ యేడు చివర సెగాల్ తన భార్య మార్గరెతెను వెంటబెట్టుకొని మళ్లీ బ్రెజిల్‌కు ఓడ ఎక్కాడు. ఈసారి ఉండిపోవడానికి.

నేను చూసిన బొమ్మ ఆ మరుసటి యేటిది, సుమారు 1924 నాటిది. పేరు పోర్చుగీసులో ‘ఎంకోంత్రో’. కలయిక, సమాగమం అని అర్థం. అందులోని తెల్లని స్త్రీ మార్గరెతె. నల్లని పురుషుడు సెగాల్. వెనుక నగరపు భవనాలు, గీతలు గీసి కోసినట్లు. పేరు సమాగమమే గాని, ఇద్దరి మొగాలలోనూ సమాగమసంతోషం నాకు కనిపించలేదు. దగ్గరగా ఉన్నారు, అంతే. ఎందుకో తరువాత తెలిసింది. మార్గరెతెకు ఆ దేశం సరిపడలేదు. ఆ 1924లోనే వారిద్దరూ విడిపోయారు. ఆమె జర్మనీకి మరలిపోయింది. ఆమెకు అంటని రంగు అతనికి అంటింది. ఆ బొమ్మలో ఆమె వచ్చిన రంగుతోనే ఉంది, అతడు మాత్రం మారిపోయాడు.

ఇక్కడ నాకు అలంకారశాస్త్రం గుర్తుకు వచ్చింది. చంద్రాలోకం, కువలయానందం చదివినవారికి తద్గుణాలంకారం జ్ఞాపకముండే ఉంటుంది. ఒక వస్తువు తన గుణాన్ని విడిచి, దాపున ఉన్న మరొకదాని గుణాన్ని గ్రహించడం తద్గుణం. పెదవి ఎరుపు సోకి ముక్కెరలోని ముత్యం కెంపైపోయిందనేది మా గురువుగారు చెప్పిన ఉదాహరణ, నేను మా పిల్లలకు ముప్పది యేండ్లు చెప్పిన ఉదాహరణ. దానికి ఎదురుగా అతద్గుణం: ఎంత దగ్గరగా ఉన్నా ప్రక్కదాని గుణం అంటకపోవడం. ఈ బొమ్మలో రెండూ ఒకే చట్రంలో ఉన్నాయి. భర్త తద్గుణం, భార్య అతద్గుణం. అప్పయ్యదీక్షితులవారు చూస్తే ఏమనేవారో గాని, నాకు మాత్రం అలంకారం జీవితమైపోతే ఎంత బాధాకరంగా ఉంటుందో అప్పుడే తెలిసింది.

అయితే ముత్యం తెలిసి కెంపు కాలేదు. సెగాల్ తెలిసి చేశాడు. అతడు ఏ సమయంలో, ఏ దేశంలో ఈ పని చేశాడో తెలిస్తే గాని దాని బరువు తెలియదు.

బ్రెజిల్‌కు ఆఫ్రికానుండి బానిసలుగా కొనిపోబడినవారు సుమారు 48 లక్షలు. మరే దేశానికీ అంతమందిని కొనిపోలేదు. అమెరికాఖండాలలో బానిసత్వాన్ని చిట్టచివర రద్దుచేసిన దేశం కూడ అదే: 1888 మే 13. సెగాల్ పుట్టడానికి ఒక సంవత్సరం ముందు మాత్రమే! అతడు సావో పౌలో వీధులలో నడిచిన నాటికి, బానిసలుగా పుట్టినవారు ముసలివారై ఆ వీధులలోనే ఉన్నారు. రద్దు తరువాత కాఫీతోటలకు కూలీలు కావలసివచ్చినప్పుడు, విడుదలైన నల్లవారికి కూలి ఇచ్చి పనిలో పెట్టుకోవడానికి బదులు, ప్రభుత్వమే ఓడకర్చులు పెట్టి ఇటలీ మొదలైన దేశాలనుండి లక్షలాది తెల్లవారిని రప్పించింది. ఇందులో కూలీల అక్కరతో బాటు మరొక తలంపు ఉంది. తెల్లరక్తం చేరగా చేరగా దేశమంతా తెల్లబడుతుందని ఆ దేశపు విద్యావంతులు గట్టిగా నమ్మారు. దానికి ‘తెల్లబరచడం’ అనే పేరే ఉంది. బట్టలను గురించి కాదు సుమండీ, మనుషులను గురించి.

ఈ నమ్మకానికి ఒక బొమ్మ కూడ ఉంది. 1895లో మొదెస్తో బ్రొకోస్ అనే స్పెయిన్ దేశంలో పుట్టిన చిత్రకారుడు వేసిన ‘హాము విమోచనం’. ఒక పేదయింటి గుమ్మం. నల్లని అమ్మమ్మ నిలుచుండి రెండు చేతులూ ఆకాశంవైపు ఎత్తి దేవునికి కృతజ్ఞత చెబుతోంది. ఆమె కూతురు చామనచాయది కూర్చుండి ఉంది. ఒడిలో తెల్లని పసిబిడ్డ. ప్రక్కన తెల్లని అల్లుడు. మూడు తరాలలో నలుపు ‘వదలిపోయింది’, అందుకు ఆ ముసలామె దండం! 1911లో లండన్‌లో ప్రపంచజాతుల మహాసభ జరిగినప్పుడు రియో జాతీయ మ్యూజియం అధ్యక్షుడు జొఆవ్ బతిస్తా ది లసేర్దా తన ప్రసంగవ్యాసంలో ఈ బొమ్మనే సాక్ష్యంగా చూపి, నూరేండ్లలో తన దేశంలో నల్లవారు ఉండరని జోస్యం చెప్పాడు. ఆ నూరేండ్లూ గడచిపోయాయి. 2022 జనాభా లెక్కలలో బ్రెజిల్‌లో తాము మిశ్రవర్ణులమని చెప్పుకొన్నవారు నూటికి 45.3, తెల్లవారమన్నవారు 43.5, నల్లవారమన్నవారు 10.2. శాస్త్రజ్ఞుల జోస్యానికీ గోడమీది బల్లిశాస్త్రానికీ ఒకొక్కప్పుడు అట్టే భేదం ఉండదు.

దేశమంతా తెల్లబడాలని తపిస్తున్న ఆ రోజులలో ఓడ దిగిన ఒక తెల్లవాడు అద్దం ముందు నిలిచి తన్ను నల్లగా చిత్రించుకొన్నాడు. అటువంటి తెల్లవారినే ఆ దేశం కోరి రప్పించుకొంటోంది. అతని చర్మమే అక్కడ అతనికి పెట్టుబడి. ఆ పెట్టుబడిని బొమ్మలోనైనా వదులుకొన్నాడు. 1927లో మరొక స్వీయచిత్రం వేశాడు. మ్యూజియం జాబితాలో దానిని మూడవ స్వీయచిత్రంగా పేర్కొంటారు. అందులోనూ మొగం మట్టిరంగు. ఆ 1927లోనే అతడు బ్రెజిల్ పౌరసత్వం స్వీకరించాడు. పౌరసత్వపు కాగితం ప్రభుత్వం ఇచ్చింది, రంగు తానే పూసుకొన్నాడు. ఈ నడుమ, 1925లో, జెన్నీ క్లాబిన్‌ను వివాహమాడాడు. గేటె ‘ఫౌస్ట్’ను పోర్చుగీసులోనికి అనువదించిన విదుషీమణి ఆమె.

చిత్రమేమిటంటే, సరిగా ఆ మరుసటి యేడు, 1928లో, సెగాల్ మిత్రుడు మారియో ది అంద్రాదే ‘మకునైమా’ అనే నవల ప్రకటించాడు. అందులో కథానాయకుడు కాటుకనలుపుతో పుడతాడు. దారిలో ఒక మాయనీటిమడుగులో స్నానం చేసి తెల్లగా, నీలికండ్లతో బయటకు వస్తాడు. తరువాత మునిగిన ఒక సోదరునికి అప్పటికే మురికిపట్టిన నీటిలో రాగిరంగు మాత్రం వస్తుంది. చివరివానికి నీరు చాలక అరచేతులు, అరికాళ్లు మాత్రమే తెల్లబడతాయి. నవ్వుతూ చెప్పిన ఎంత చేదు కథ! మారియో స్వయంగా మిశ్రవర్ణ వంశీయుడు. తన దేశపు కోరికను అతడు హాస్యంగా వ్రాస్తే, అతని మిత్రుడు దానిని తలక్రిందులుగా గీశాడు. 1927లోనే సెగాల్ మారియో రూపచిత్రం కూడ వేశాడు. 1935లో పోర్తినారి వేసిన తన రూపచిత్రం ప్రక్కన దీనిని పెట్టి చూసుకొని, పోర్తినారి తనలోని మంచిని పట్టుకొన్నాడనీ, సెగాల్ చెడును పట్టుకొన్నాడనీ మారియో ఒక లేఖలో వాపోయాడు. ఇతరుల మొగాలలో అంత లోతు చూసే మనిషి, తన మొగం వేసుకొనేటప్పుడు మాత్రం సులువుగా ఉపకారబుద్ధిని పూసుకొని ఊరుకొన్నాడా అన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు ఊరికే పుట్టలేదు. దీనికి కారణమైన ఒక సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం వ్రాయడంలో అర్థం లేదు.

నేను పనిచేసిన ఒక పాఠశాలలో వార్షికోత్సవానికి ఒక నాటిక వేయించాను. వ్రాసినది నేనే. అప్పుకు కట్టుబడి భూస్వామి ఇంట గొడ్డుచాకిరీ చేసే పాలేరు కథ. ఆ వేషానికి ఉచ్చారణ స్పష్టంగా ఉన్న పిల్లవాణ్ణి ఎన్నుకొన్నాను. కలిగిన యింటి బిడ్డ, దబ్బపండువంటి చాయ. అందుచేత బొగ్గుపొడి ఆముదంలో రంగరించి అతనికి మొగం, చేతులు, కాళ్లు అన్నీ పట్టించాం. నాటిక రక్తి కట్టింది. చూసినవారు కండ్లు తుడుచుకొన్నారు. నేను పొంగిపోయాను. తెర దించిన తరువాత, ఆ తెరత్రాడు లాగిన పిల్లవాడు నా దగ్గరకు వచ్చాడు. వాడి తండ్రి నిజంగానే ఒకరింట పాలేరు. నవ్వుతూనే అన్నాడు: “మాస్టారండీ, నన్ను నిలబెడితే మసి కర్చు తప్పేదిగదండీ?” నేనూ నవ్వి, “నీకు నోరు తిరగదురా” అన్నాను. వాడు తల ఊపి త్రాడు చుట్టుకొంటూ వెళ్లిపోయాడు. వాడికి నోరు తిరుగుతుందో తిరగదో నేను ఏనాడూ పరీక్షించి చూడలేదు. ఆ మాట నాకు ఆ రాత్రి పడుకొన్నప్పుడు తట్టింది. ముప్పది యేండ్లుగా తడుతూనే ఉంది.

కనుక సెగాల్ బొమ్మ చూసి అందరూ ‘ఎంత ఔదార్యం’ అని మెచ్చుకొంటున్నప్పుడు నాకు ఆ తెరత్రాడు కనిపిస్తుంది. అదే 1927లో అతడు వేసిన మరొక ప్రసిద్ధచిత్రం ‘అరటితోట’. సావో పౌలో రాష్ట్ర చిత్రశాలలో ఉంది. చట్రమంతా పచ్చని అరటియాకులు, ఒకదానిపై ఒకటి గోడలాగా. వాటి నడుమ ఒక ముసలి నల్లవాని తల. మెడ క్రింద శరీరం లేదు. తోటలోనుండి మొలిచినట్లుంటాడు, తోట వదిలి ఎక్కడికీ పోలేనట్లుంటాడు. ఎవరో ఒక మాజీ బానిసను కూర్చోబెట్టి గీసినదంటారు. గొప్ప చిత్రం, సందేహం లేదు. ఆ మొగంలోని ముడతలు ఎంతసేపు చూసినా తనివితీరవు. ఐనా రెండు బొమ్మలను ప్రక్కప్రక్కన పెట్టి చూడండి. సెగాల్ ఆ రంగు పూసుకొన్నప్పుడు అతనికి దొరదుస్తులున్నాయి, వెనుక నగరముంది, ప్రక్కన భార్య ఉంది. ఆ రంగుతో పుట్టినవానికి అరటియాకులే గతి. ఎరువు రంగు ఎప్పుడు కావాలంటే అప్పుడు కడుగుకోవచ్చు. పుట్టువర్ణానికి ఆ సౌకర్యం లేదు.

ఇంతవరకూ వ్రాసి, నేనే అతనికి అన్యాయం చేస్తున్నానా అని మళ్లీ చదువుకొన్నాను. కొంత చేస్తున్నాననే అనిపించింది. మా పిల్లవాడికి మసి పూసింది నేను. సెగాల్ పూసుకొన్నది తనకు. పైగా ‘తెల్లవాడు’ అని నేను అలవోకగా వాడుతున్న మాట అతనికి ఎంతవరకు చెల్లుతుంది? ఐరోపాలో ఆనాడు యూదుణ్ణి తెల్లవాడుగా లెక్కపెట్టినవారెందరు? తూర్పుదేశపు అన్యజాతివాడు, మన రక్తం కాదు అనే శాస్త్రాలు జర్మనీలో పుట్టలు పుట్టలుగా వ్రాసి పెట్టారు. విల్నాలో రష్యా ఏలికకు యూదుడు, డ్రెస్డెన్‌లో జర్మనులకు రష్యనుడు, మైసెన్‌లో శత్రువు. బ్రెజిల్ రేవులో దిగగానే, జీవితంలో మొదటిమారు, అతడు ఏ కష్టమూ పడకుండానే ‘తెల్లవాడు’ ఐపోయాడు. అప్పనంగా వచ్చిన ఆ తెలుపును అతడు నమ్మి ఉండడు. తాను ఐరోపాలో ఎవరి స్థానంలో ఉండేవాడో, ఇక్కడ ఆ స్థానంలో ఉన్నవారెవరో అతని కన్ను ఇట్టే పసిగట్టి ఉంటుంది. అలా చూస్తే అది వేషం అనిపించదు, ఒక గుర్తింపు అనిపిస్తుంది. నిర్ధారించి చెప్పే సాహసం నాకు లేదు. ఒకరోజు ఇది నిజమనిపిస్తుంది, మరొకరోజు తెరత్రాడు.

అతని శంక నిజమేనని చరిత్ర ఋజువు చేసింది. 1933లో హిట్లరు గద్దెనెక్కాడు. డ్రెస్డెన్ నగరపాలకులు 1920లో కొని తమ మ్యూజియంలో పెట్టుకొన్న ‘నిత్య పథికులు’ను నాజీలు లాగివేశారు. 1937 జూలైలో మ్యూనిక్‌లో ‘భ్రష్టకళ’ అని పేరుపెట్టి జనం నవ్విపోవడానికి ఏర్పాటుచేసిన ప్రదర్శనలో అది వేలాడింది. సముద్రానికి ఈవల, అతడు రంగు తెచ్చుకొన్న దేశంలో జరిగినది మరింత ఆలోచింపజేస్తుంది. ఆ 1937 జూన్‌లోనే, వర్గాస్ ప్రభుత్వపు విదేశాంగశాఖ 1127 సంఖ్యగల ఒక రహస్య ఉత్తరువును తన రాయబార కార్యాలయాలకు పంపింది. యూదుజాతివారికి వీసాలు ఇవ్వవద్దని దాని తాత్పర్యం. ఒకే వేసవిలో అక్కడ అతని బొమ్మను వెలివేశారు, ఇక్కడ అతని బంధుజనానికి తలుపు మూశారు. పదేండ్ల క్రితం పౌరసత్వం ఇచ్చిన ప్రభుత్వ యంత్రాంగమే!

అలంకారికులు తద్గుణం తరువాత పూర్వరూపమనే అలంకారం చెబుతారు. విడిచిన గుణాన్ని వస్తువు మళ్లీ పొందడం. సెగాల్ 1937లో ‘పోగ్రోమ్’ అనే చిత్రం వేశాడు. హతులైన యూదులు, ఒకరి మీద ఒకరు పడి. 1939లో మొదలుపెట్టి 1941లో ముగించిన ‘వలసదారుల ఓడ’ రెండు మీటర్ల ముప్పది సెంటీమీటర్ల ఎత్తు, రెండు మీటర్ల డెబ్బదియైదు వెడల్పు. ఓడపైకప్పు నిండా మనుషులు, మూటలవలె ఒదిగి, ఎవరికీ ఎవరూ చెప్పుకొనేదేమీ లేనట్లు. పచ్చని అరటియాకులు లేవు, బ్రెజిల్ వెలుగు లేదు. బూడిద, గోధుమ, మట్టి. బ్రెజిల్ తనకు వెలుగునూ రంగునూ చూపించిందని చెప్పుకొన్న మనిషి మళ్లీ విల్నా రంగులకు వచ్చాడు. 1943లో రియో జాతీయ లలితకళా మ్యూజియంలో అతని చిత్రాలన్నిటినీ పెద్ద ప్రదర్శనగా పెట్టినప్పుడు అభిమానులు ఎంతమందో, పరాయివాడు, పరాయి కళ అని పత్రికలలో దుమ్మెత్తిపోసినవారు అంతమంది. ముప్పది యేండ్ల క్రితం మొదటి ప్రదర్శనకు లేని అలజడి, పౌరుడైన తరువాత జరిగిన ప్రదర్శనకు వచ్చింది! అప్పుడు అతని పక్షాన నిలిచి దీర్ఘమైన వ్యాసం వ్రాసినవాడు, తన చెడును పట్టుకొన్నాడని వాపోయిన ఆ మారియో ది అంద్రాదేనే.

1957 ఆగస్టు 2న సెగాల్ సావో పౌలోలో మరణించాడు. వీలా మరియానా పేటలో అతని ఇల్లు, తోడల్లుడు, వాస్తుశిల్పి గ్రెగోరి వర్షావ్‌చిక్ 1932లో కట్టినది, 1967లో మ్యూజియం అయింది. దానికి పూనుకొన్నది జెన్నీ. కొడుకులు తెరిచారు. మ్యూనిక్‌లో వేలాడిన ‘నిత్య పథికులు’ యుద్ధం తరువాత సముద్రం దాటి ఆ యింటికే చేరింది. తన రంగులో వేసుకొన్న 1919 నాటి స్వీయచిత్రం, ఎరువు రంగులో వేసుకొన్న 1927 నాటిది, ఆ రెండిటి నడుమ మార్గరెతెతో నిలిచిన ‘సమాగమం’ అన్నీ అక్కడే ఉన్నాయి.

అంత దూరం పోయి చూసే యోగం నాకు లేదు. కంప్యూటరు తెరమీదనే చూస్తూంటాను. నా తెరమీద అతని మొగం కాఫీగింజ రంగులో ఉంటుంది. మొన్న మా మనుమరాలు తన ఫోనులో అదే బొమ్మ తీసి చూపితే కొంచెం ఎర్రమట్టి చాయగా ఉంది. ఇందులో ఏది అసలు రంగు తాతయ్యా అని అడిగింది. గ్రంథాలయంలో చూసిన నలుపు తెలుపు బొమ్మ సంగతి దానికి చెప్పాను.